పౌలునకు ఇల్లు బాడుగకిచ్చినవాడు

ధ్యాన భాగములు: అపొ. కార్యములు 28:16–31, రూతు 2వ అధ్యాయము, 2 రాజులు 4:8–10, 8:1–6



అపొస్తలుల కార్యముల గ్రంథములోని చివరి అధ్యాయమును మనలో అనేకులు పలుమారులు చదివియున్నారు. పౌలు ఖైదీగా రోమా పట్టణము చేరెను. అతనికి కావలిగా ఒక సైనికుడుండెను. అయినను అతడు చెరసాలలో గాక బాడుగ ఇంటిలో రెండేండ్లు నివసించి, తనయొద్దకు వచ్చిన వారినందరిని చేర్చుకొని, దేవుని రాజ్యమునుగూర్చి వారికి చెప్పుచుండెను. ఇంతవరకు మన సండే స్కూలు పిల్లలును చెప్పగలరు. అయితే ఆ ఇల్లు ఎవరిది? లూకా పేర్లు వ్రాయుటలో జాగ్రత్తగలవాడు. ఖైదీలను తోడుకొనిపోయిన శతాధిపతి పేరు యూలి యని వ్రాసెను. మెలితే ద్వీపములో మూడు దినములు ఆతిథ్యమిచ్చిన పెద్దమనిషి పేరు పొప్లి యని వ్రాసెను. రోమాలో ఇల్లు బాడుగకిచ్చిన యజమాని పేరు మాత్రము వ్రాయలేదు.

ఆ యజమాని గడపలో మనము నిలువబడి చూతము. ఇల్లడుగ వచ్చినవాడు పరదేశి. వాని చేతికి గొలుసు. ఆ గొలుసు ప్రక్కనే సర్కారు సిపాయి. కైసరు ఎన్నడు విచారించునో, ఏమి తీర్పు చెప్పునో తెలియదు. తీర్పు విరోధముగా వచ్చినయెడల మిగిలిన బాడుగ ఎవరిని అడుగవలెను? పైగా దినదినము జనులు గుంపులుగా వచ్చిపోవుదురు. ఈ కాలపు యజమాని యెవరైనను “నిన్ననే ఒకరికి మాటిచ్చినాము, వేరేచోట చూసుకోండి” అని మర్యాదగా పంపివేయును. ఆ రోమా యజమాని పంపివేయలేదు. అతడు భక్తిచేత అట్లు చేసెనని మేము చెప్పము. డబ్బుకొరకే చేసియుండవచ్చును. అయినను రెండేండ్ల కాలము సువార్త అతని ఇంటికప్పు క్రింద నిలిచినది.

ఆ మనుష్యుని ఇప్పుడు తలంచుటకు కారణమున్నది. మన కమలాపురములోను చుట్టుపట్ల పల్లెలలోను ఒక క్రొత్త తరగతి పుట్టినది. కొట్టములో పుట్టి, సర్కారువారు కట్టించిన ఒంటిగది ఇంటిలో పెరిగినవారు నేడు మిద్దెలు కట్టియున్నారు. కడప జిల్లానుండి కువైటుకు పోయి, పరుల ఇండ్లలో వంటచేసి, పిల్లలను సాకి, బండ్లు తోలి పంపిన డబ్బుతో లేచిన మిద్దెలు మన సంఘములోనే అనేకములున్నవి. కొందరు ఉద్యోగముల వలనను, కొందరు ఎర్రగుంట్ల ప్రక్క సిమెంటు కర్మాగారములలో పనిచేసియు కట్టుకొనిరి. క్రింద తాముండి, పైన రెండు గదులు వేసి, కడప బండలు పరచి, బాడుగకిచ్చుచున్నారు. వీరి తాతలు ఎన్నడును ఇల్లు బాడుగకిచ్చినవారు కారు. చాలమంది తాతలకు బాడుగకు ఇల్లు దొరకలేదు. దేవుడిచ్చిన ఈ అభివృద్ధిని చూచి మేము సంతోషించుచున్నాము.

ఇట్టివారు మా యొద్దకు ఒక ప్రశ్న తెచ్చుచున్నారు. “అయ్యగారూ, పైన గదులు ఖాళీగా ఉండాయి. ఒకామె వచ్చి అడుగుతాంది. ఆమెకు పింఛను వస్తాది. కాలనీలో ఇల్లు మంజూరైంది గానీ బిల్లు పడలేదంట. ఇల్లు లేచేదాకా ఉంటానంటాది. సర్కారు సొమ్ము మీద బతికేవాళ్లకు ఇల్లియ్యొచ్చునా?” అడుగువారిలో నిజముగా తెలిసికొనగోరి అడుగువారున్నారు. వద్దు అను మాటను పాస్టరు నోట అనిపించుకొని, ఆ భారము పాస్టరు మీద పెట్టి పోవలెనని వచ్చువారును లేకపోలేదు. ఇరువురికొరకును ఈ మాసము ఈ విషయమును వ్రాయుచున్నాము.

మొదట ఆ సర్కారు సాయమేమో సరిగా చూడవలెను. 1979లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడినది మొదలు ఇండ్ల పథకములు పేర్లు మార్చుకొనుచు వచ్చుచునే యున్నవి. 1980లలో బలహీన వర్గముల పక్కా ఇండ్లు, 2006 పిమ్మట ఇందిరమ్మ ఇండ్లు, తరువాత మరికొన్ని. 2020 డిసెంబరు 25న, సరిగా క్రిస్మసు దినమున, 30 లక్షలకు పైగా కుటుంబములకు ఇండ్ల పట్టాలిచ్చు కార్యము ఆరంభమాయెను. పల్లెలలో సెంటున్నర, పట్టణములలో ఒక సెంటు స్థలము. ఇంటికి లక్షా 80 వేల రూపాయల లెక్క. ఈ డబ్బు ఒక్కసారిగా చేతికి రాదు. పునాది లేచిన పిమ్మట కొంత, గోడలు లేచిన పిమ్మట కొంత, కప్పు పడిన పిమ్మట కొంత. ప్రతిసారియు పని ముందు, బిల్లు వెనుక. సిమెంటు, ఇనుము, ఇసుక, బేల్దారి కూలి పెరిగిన ఈ దినములలో ఆ మొత్తము చాలక అనేకుల ఇండ్లు పునాది దగ్గరనే నిలిచిపోయెను. అది చాలలేదని సర్కారువారికే తోచి, 2025 మార్చిలో అట్లు ఆగిపోయిన ఇండ్లకు వెనుకబడిన తరగతులవారికిని షెడ్యూల్డు కులములవారికిని అదనముగా 50 వేలు, గిరిజనులకు 75 వేలు ప్రకటించిరి.

కాబట్టి ఇల్లు మంజూరైనవానికి చేతిలో ఇల్లు లేదు. వానికి పట్టా కాగితమొకటి, పునాది రాళ్లు కొన్ని, ఈ లోపల తలదాచుకొనుటకు ఒక బాడుగ గదియు కావలెను. సర్కారు సొమ్ము ఇల్లు కట్టుటకే గాని బాడుగకు రాదు. వాడు కూలి డబ్బులోనుండి బాడుగ కట్టవలెను, అదే కూలి డబ్బులోనుండి బిల్లుకు ముందు గోడ లేపవలెను. సర్కారు సాయము వచ్చినది గనుక వాడు సుఖముగా ఉన్నాడని యెంచుట తప్పు. ఆ సాయము చేతికందు కాలములోనే వాని ఇరుకు ఎక్కువ.

క్రొత్త యజమానుల భయమును మేము తేలికగా త్రోసివేయము. ఆ మిద్దె వెనుక ఒక తల్లి పది పన్నెండేండ్లు బిడ్డల ముఖము చూడక చేసిన చాకిరియున్నది. కొందరి మిద్దె మీద ఇంకను బ్యాంకు అప్పు ఉన్నది. రెండు నెలల బాడుగ నిలిచినయెడల ధనవంతునికి నష్టము లేదు గాని ఈమెకు ఉన్నది. బాడుగ వచ్చునా అని అడుగుట పాపము కాదు. కట్టడము ఆరంభించు ముందు కూర్చుండి లెక్క చూచుకొనువానిని ప్రభువు తానే ఉదాహరణముగా చెప్పెను (లూకా 14:28). అయితే మేము వినుచున్న అభ్యంతరములలో కొన్ని ఒకదానికొకటి పొసగవు. ఇల్లు కట్టుకొనుచున్నవాడు ఆరు నెలలకే ఖాళీచేసి పోవునని ఒక ఇంట విందుము. సర్కారు మనిషి ఒకసారి వచ్చినయెడల ఖాళీచేయడని ప్రక్క ఇంట విందుము. కొన్ని వేళల ఈ రెండును ఒకే నోట విందుము! అట్టివేళ భయము బాడుగను గూర్చినది కాదు, వేరొకదానిని గూర్చినదని మాకు తోచును. దానిని పిమ్మట చెప్పెదము.

ఇప్పుడు రూతు కథకు రండి. రూతు బెత్లెహేములో ఏమి తిని బ్రదికెను? పరిగె ఏరుకొని బ్రదికెను. ఆ పరిగె ఒకరు దయతలచి వేసిన భిక్షము కాదు. పొలపు ఓరలను పూర్తిగా కోయవద్దనియు, మరచిన పనను తిరిగి తెచ్చుకొనవద్దనియు, అవి బీదలకును పరదేశులకును విధవరాండ్రకును చెందుననియు ధర్మశాస్త్రమే విధించినది (లేవీ. 19:9–10, ద్వితీ. 24:19). నేటి మాటలలో చెప్పవలెనన్న అది ఆ దేశపు చట్టము ప్రకారము బీదలకు వచ్చు సాయము. చెనిక్కాయ చేను పెరికిన పిమ్మట మన్ను తిరుగదోడి మిగిలిన కాయలు ఏరుకొను మన ఆడవారికి ఇది క్రొత్తగా వివరింపనక్కరలేదు. రూతు అట్టి సాయము మీద బ్రదుకునది, అన్యదేశస్థురాలు, విధవరాలు.

బోయజు క్రొత్త భూస్వామి కాడు, స్థితిమంతుడు. అయినను అతడు చేసినది చూడుడి. చట్టము పరిగెకు అనుమతిచ్చినది గనుక ఏరుకొని పొమ్మని ఊరకుండవచ్చును. అతడు అంతటితో నిలువలేదు. ఆమెను ఎవరును సిగ్గుపరచకూడదని పనివారికి ఆజ్ఞాపించెను. పనలలోనుండి కొన్ని పిడికిళ్లు ఆమెకొరకు కావలెననియే జారవిడువుమని చెప్పెను. దప్పిగొన్నప్పుడు పనివారు చేదిన నీళ్లు త్రాగుమనెను, భోజనవేళ తన కోతవారియొద్ద కూర్చుండబెట్టెను. చట్టము ఆమెకు గింజలిచ్చినది. సిగ్గుపరచవద్దని చట్టములో ఎక్కడను లేదు, దానిని బోయజు తనవైపునుండి చేర్చెను. సర్కారు సాయముతో బ్రదుకు మనిషి మన గడపకు వచ్చినప్పుడు మనవలన కావలసినది ఇదే యని మా తలంపు. సాయమెవరు చేసినను సిగ్గుపరచుట మాత్రము ఇరుగుపొరుగు చేతిలోనే యున్నది.

పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మాటను, పనిచేయనివానికి తిండి యెందుకను మాటను, కొందరు ఇక్కడ చూపుదురు. పౌలు ఆ మాట పనిచేయ నొల్లనివారిని గూర్చి వ్రాసెను. చేయలేని అవ్వలను గూర్చి వ్రాయలేదు. ఇక పట్టా వచ్చినవారందురా, వారు బండల గనులలో ఎండకు మాడుచున్నవారే, కూలికి పోవుచున్నవారే. వారికంటె ఎక్కువ పనిచేయుదుమని మనలో ఎవరు చెప్పగలరు?

సర్కారు సొమ్ము మీద బ్రదికినవారు అను మాటను మన సంఘములవారు నోట పలుకుటకు ముందు ఒక్కసారి వెనుకకు చూడవలెను. 1876–78 నాటి గొప్ప కరవులో ఈ రాయలసీమలోను నెల్లూరు సీమలోను మన పెద్దలు దేనిచేత బ్రదికిరి? సర్కారువారు పెట్టిన కరవు పనులచేత. ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ పనిలో ఒక భాగమును గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చినవారిచేత త్రవ్వించి కూలి యిప్పించిరి. తరువాత 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము ఎంతో ఘనముగా చెప్పుకొందుము. వారిలో అనేకులు సర్కారు కూలితో ప్రాణము నిలుపుకొనినవారే యని చెప్పుకొనము. 1952లో కరవు వచ్చినప్పుడు రాయలసీమయందంతటను గంజి కేంద్రములు పెట్టిరి. ఆ గంజి త్రాగినవారి బిడ్డలు ఇప్పటికిని మన బెంచీలమీద కూర్చుండియున్నారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఉపాధి హామీ పథకము ఆరంభించినప్పుడు దానికి పెద్ద పేరున్నను, మన పల్లెలవారు దానిని కరవు పని యనియే పిలిచిరి. తాతల నోటి మాట మనుమల నోటికి వచ్చినది. సర్కారు చెయ్యి పట్టుకొనక ఈ సీమలో నిలిచిన బీద కుటుంబములు బహు కొద్ది.

ఇక పైన విడిచిన సంగతి. కాలనీవాళ్లు అను మాట మన ప్రాంతమున దేనికి వాడబడుచున్నదో అందరికిని తెలియును. అది చిరునామా కాదు, కులము పేరు చెప్పకుండ కులమును చెప్పు ఉపాయము. ఇల్లడుగ వచ్చినవారిని మొదట “ఏ ఊరు?” అని, పిమ్మట “ఏమోళ్లు మీరు?” అని అడుగుట మన సీమలో ఉన్నది. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేక, మంచి ఉద్యోగముండియు, జేబులో అడ్వాన్సు డబ్బుండియు వెనుకకు తిరిగివచ్చిన ఉపాధ్యాయులు, నర్సులు మన సంఘములలో ఒక్కరిద్దరు కారు. ఆ ప్రశ్న వేయుటకు ఇప్పుడు మన చేతికి ఒక మిద్దె వచ్చినది. కొందరు నేరుగా అడుగుటకు సిగ్గుపడి, “సర్కారు ఇల్లొచ్చినోళ్లకు ఇయ్యము” అని దాని మీద ఒక గుడ్డ కప్పుచున్నారు. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవానిని పాదపీఠము దగ్గర కూర్చుండుమనుట యేమో యాకోబు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో చదివి, ఆ కూటము స్థానములో మన మిద్దెమెట్లను ఉంచి చూచుకొనవలెను. బాడుగ కట్టగలడా, ఇల్లు శుభ్రముగా ఉంచునా, త్రాగి తగవులాడునా అని విచారించుట యజమాని హక్కు. ఆ విచారణలో ఎవనినైనను కాదనవచ్చును. ఫలాని వరుసవాడు గనుక విచారణయే లేకుండ కాదనుట ఆ హక్కులోనిది కాదు.

ఈ ప్రశ్న మన ఊరికి మాత్రమే వచ్చినది కాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు కొందరు తాముండు ఇంటికి తోడు ఇంకొక ఇల్లు కొని బాడుగకిచ్చుచున్నారు. వారికిని సరిగా ఈ ప్రశ్నయే ఎదురగుచున్నది. అక్కడ 1974 నాటి చట్టము వలన కలిగిన ఏర్పాటును సెక్షన్ 8 అందురు. బీద కుటుంబము తన ఆదాయములో ఇంచుమించు 30 శాతము బాడుగ క్రింద చెల్లించును, మిగిలినది స్థానిక గృహవసతి సంస్థవారు నేరుగా యజమానికే పంపుదురు. మన దగ్గరి పథకముకంటె యజమానికి ఇది ఎంత నిశ్చింత! అయినను అక్కడను అనేకులు ఆ కాగితము పట్టుకొని వచ్చినవారిని త్రిప్పివేయుదురు. న్యూజెర్సీ రాష్ట్రములో బాడుగ డబ్బు సర్కారు సాయము నుండి వచ్చుచున్నదను కారణముచేత ఇల్లు నిరాకరింపకూడదని 2002 నుండి చట్టమున్నది. టెక్సాసు రాష్ట్రములోనో, మాజీ సైనికుల విషయములో తప్ప, ఏ నగరమును అట్టి నిబంధన పెట్టకూడదని 2015లో చట్టము చేసిరి. ఎడిసనులో ఇల్లుగల తెలుగు క్రైస్తవుడు త్రిప్పిపంపినయెడల చట్టవిరుద్ధము. ఇర్వింగులో ఇల్లుగల వాని తమ్ముడు అదే పని చేసినయెడల నేరము కాదు. అన్నదమ్ములిరువురికిని బైబిలు ఒకటే గదా! కమలాపురములో సర్కారు సాయముగలవారికి ఇల్లియ్యుమని మనలను బలవంతపెట్టు చట్టము లేదు గనుక, మనము చేయుదుమా మానుదుమా అనునది పూర్తిగా మన మనస్సాక్షి మీదనే నిలిచియున్నది.

ఆ అమెరికా ఏర్పాటులో ఇంకొక సంగతి మాకు నచ్చినది. సాయము పంపుటకు ముందు అధికారులు వచ్చి ఇల్లు పరీక్షింతురు. నీళ్లు, మెట్లు, కిటికీలు, కరెంటు సరిగా ఉన్నవా అని చూతురు. కొందరు యజమానులు ఈ పరీక్షకే విసిగి వద్దందురట. క్రొత్త ఇల్లు కట్టించువానికి మోషే ధర్మశాస్త్రము ఇచ్చిన ఆజ్ఞ యేమిటో చూడుడి: మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెను, లేనియెడల ఎవరైనను పడినప్పుడు ఆ రక్తదోషము ఇంటివానిమీదకి వచ్చును (ద్వితీ. 22:8). మన ఊరిలో పైగదులు బాడుగకిచ్చి, మెట్లకు పట్టుకొమ్మి లేకుండ, మిద్దెకు పిట్టగోడ లేకుండ, “డబ్బు వచ్చినప్పుడు కట్టిస్తాం” అనువారున్నారు. పైన ఆడుకొను పిల్లలు బాడుగవారి పిల్లలే గదా యని కాబోలు!

బాడుగకిచ్చిన పిమ్మట జరుగు కొన్ని పనులను గూర్చియు చెప్పవలసియున్నది. 2024 జూలై 1 నుండి వృద్ధులకును విధవరాండ్రకును ఇచ్చు పింఛను 3 వేలనుండి 4 వేలకు పెరిగెను. ఆ సమయమున “పింఛను పెరిగింది గదా” అని బాడుగ పెంచినవారున్నారు. ఇంటి పన్ను పెరిగినదని పెంచుట వేరు. అవ్వ మందులకని వచ్చిన వెయ్యి రూపాయలను లెక్కచూచి పెంచుట వేరు. బోయజు పనలనుండి పిడికిళ్లు జారవిడిచెను. వీరు రూతు కొంగులోనిది తిరిగి పిడికెడు తీసికొనుచున్నారు.

బిల్లు విషయము ఇంకను కఠినమైనది. “బిల్లు పడిన దినమున బాకీ అంతయు కట్టవలెను” అని ముందుగా మాట తీసికొను యజమానులున్నారు. పైకి న్యాయముగానే కనబడును. కాని తిరుగటి రాయిని తాకట్టు పట్టకూడదని దేవుడు ఆజ్ఞాపించెను (ద్వితీ. 24:6). ఎందుచేత? అది తీసికొనినయెడల వాని జీవనాధారమునే తీసికొనినట్లగును గనుక. ఇల్లు కట్టుకొనువానికి ఆ బిల్లే తిరుగటి రాయి. గోడలకు వచ్చిన బిల్లును బాడుగ బాకీకి లాగుకొనినయెడల కప్పు పడదు, కప్పు పడనిదే తరువాతి బిల్లు రాదు. వాడు ఆ గదిలోనే చిక్కుకొని ఇంకను బాకీపడును. బాడుగ కూలి డబ్బులోనుండి నెలనెలకు రావలెను, తక్కువైనను సరే. అదే అధ్యాయములో అప్పిచ్చినవాడు తాకట్టుకొరకు వాని ఇంటిలోనికి చొరబడక బయటనే నిలువవలెనని యున్నది. రెండు నెలలు నిలిచినదని నీళ్ల కొళాయి కట్టివేయువారును, లోపలికి పోయి గిన్నెలు ఎత్తుకొని వచ్చువారును ఆ మాట చదువవలెను. ఇల్లు మనదే, అయినను బాడుగకిచ్చినంతకాలము ఆ గడపకు లోపలిది వాని కాపురము.

ఇంకొక సంగతి వ్రాయుటకు మాకు కష్టముగా ఉన్నది గాని వ్రాయకుండలేము. కువైటు డబ్బుతో మిద్దె కట్టుకొనిన పిమ్మటను, పాత పేరుమీద కాలనీలో సర్కారు ఇల్లు సంపాదించి, దానిని బాడుగకిచ్చువారు అక్కడక్కడ ఉన్నారు. బీదవానికని కట్టిన ఇంటిలో బీదవాడే బాడుగ కట్టి యుండుట! అట్టివారే సర్కారు సొమ్ము మీద బ్రదుకువారిని నమ్మరాదని సంఘములో మాటలాడుట మేము విన్నాము. నాబోతు ద్రాక్షతోట సంగతి వారు ఏ మనస్సుతో చదువుదురో!

బాడుగకుండువారును ఇది చదువుదురు గనుక వారికిని ఒక మాట. యజమాని మంచివాడని తెలిసిన ఇంటిలోనే బాకీ ఎక్కువగా పెట్టు అలవాటు మనలో కొందరికున్నది. పండుగకు బట్టలు కొని, చీటి కట్టి, బాడుగను చివరకు నెట్టుదురు. కష్టమొచ్చిన నెల కష్టమును ముందుగానే పోయి చెప్పవలెను, తప్పించుకొని తిరుగరాదు. మీరు బాకీపెట్టి రాత్రివేళ సామాను తీసికొని పోయినయెడల, మీ తరువాత వచ్చు పది కుటుంబములకు ఆ వీధిలో తలుపు మూయబడును.

షూనేమీయురాలి కథలో మొదటి భాగమును ఆతిథ్యమునుగూర్చిన ప్రసంగములలో తరచుగా విందుము. ఎలీషా కొరకు మిద్దెమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము అందులో పెట్టించెను. పైగది ఒకరికిచ్చిన స్త్రీ ఆమె. రెండవ భాగము రాజుల రెండవ గ్రంథము 8వ అధ్యాయములో ఉన్నది, దానిమీద ప్రసంగములు తక్కువ. కరవు వచ్చెను. ఆమె తన ఇంటివారితో ఏడు సంవత్సరములు ఫిలిష్తీయుల దేశమున పరవాసిగా ఉండెను. తిరిగివచ్చునప్పటికి ఇల్లును పొలమును పరాధీనమైయుండెను. అప్పుడామె ఏమి చేసెను? సర్కారు వాకిటికి పోయెను. తన ఇల్లు తనకిప్పించుమని రాజునకు మొరపెట్టెను. రాజు ఆమె పక్షముగా ఒక అధికారిని నియమించి, ఇల్లును పొలమును, ఏడేండ్ల పంట రాబడిని ఆమెకు ఇప్పించెను. గది ఇచ్చిన చేయి కొన్నేండ్లకు రాజసముఖమున ఇల్లు అడిగినది.

ఇది ప్రాచీన కథ యని మనము విడువలేము. 2021 నవంబరు 19న తెల్లవారుజామున చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగెను. రాజంపేట మండలములోని పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లెలమీద ఆ నీళ్లు పడెను. ముందటి రాత్రి సొంత ఇంటిలో పడుకొనినవారు, అందులో ప్రాణముతో మిగిలినవారు, ఆ దినమునుండి గుడారములలో కూర్చుండి సర్కారు ఇంటికొరకు కనిపెట్టినవారైరి. అదే వానలలో మన కమలాపురమువద్ద పాపాఘ్ని వంతెన కూలి, ఆ దారినే నిత్యము పోవు మనము దిక్కుతోచక నిలిచితిమి. ఆ పల్లెలవారిలో మిద్దెలుగలవారుండిరి, బాడుగలు వసూలు చేసినవారును ఉండిరి.

ఇక, చేయవలసినదేమి? ఖాళీ గదులున్న మన సంఘస్థులు సర్కారు సాయముతో బ్రదుకువారిని ఆ కారణముచేత త్రిప్పిపంపరాదని మా గట్టి అభిప్రాయము. అయితే నోటిమాటతో ఇయ్యవద్దు. బాడుగ చీటి వ్రాయించుడి, పదకొండు నెలలకు, ఇరువురి సంతకములతో. అందులో కరెంటు ఎవరు కట్టవలెనో, ఎందరుండవచ్చునో, ఖాళీచేయుటకు ఎన్ని దినములు ముందు చెప్పవలెనో స్పష్టముగా ఉండవలెను. పింఛను నెల మొదటి తేదీన ఇచ్చుచున్నారు గనుక అట్టివారికి బాడుగ గడువు 5వ తేదీ పెట్టినయెడల ఇరువురికిని సుళువు. అడ్వాన్సు మూడు నెలలది అడిగినయెడల పునాదికి దాచుకొనిన డబ్బే మీ చేతికి వచ్చును. ఒక నెలది చాలును, అదియు రెండు విడతలుగా తీసికొనుడి.

అప్పటికిని భయము తీరని క్రొత్త యజమానులకొరకు ఒక ఆలోచన యున్నది. కూలి దొరకని నెల వచ్చి బాడుగ నిలిచినప్పుడు, ఒక నెల బాడుగను సంఘపు ధర్మనిధినుండి యజమానికి చెల్లించి, ఆ కుటుంబమువారియొద్ద కొద్దికొద్దిగా తిరిగి రాబట్టుకొనవచ్చును. నిధిలో ఉన్నది చాలదని కోశాధికారిగారు ఇదివరకే మాతో అనిరి. అట్లయిన పంటకోత పండుగ కానుకలలో ఒక భాగమును దీనికి వేరుచేయవచ్చునా అను సంగతిని వచ్చే మాసము పాస్టరేటు కమిటీ ముందు పెట్టెదము. ఈలోగా గది ఖాళీగా ఉన్నవారును, ఇల్లు వెదకుచున్నవారును ఆదివారము ఆరాధన పిమ్మట మాతో చెప్పవచ్చును. వేసవిలో ఇండ్ల పనులు మొదలుపెట్టుటకు కొట్టములు విప్పుకొనువారు నాలుగు కుటుంబములవారున్నారు. వారిలో ఒక ఇంట నడవలేని ముసలి తల్లి యున్నది గనుక, ఆ కుటుంబమునకు క్రింది గది దొరికిన మేలు.